బండి రాని రాత్రులు

పాత పంచె చింపాలంటే ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని లాగితేనే నేత వెంట తిన్నగా చిరుగుతుంది. ఒక్కరే చింపితే వంకర పోతుంది. అందుకేనేమో, గుమ్మంలో నిలబడ్డ ఝాన్సీని చూసి బుల్లమ్మ "రా" అనలేదు, "ఎందుకొచ్చినావు" అనీ అనలేదు. సగం చిరిగి ఉన్న పంచె రెండో కొసని ఆమె వైపు విసిరింది.

"పట్టు. సూపర్వైజరువైనా సేతులున్నాయి కదా."

ఝాన్సీ చెప్పులు విప్పింది. చేతిసంచి గోడవార పెట్టి, చాప మీద కూర్చుని కొస అందుకుంది. పొందూరు ఖద్దరు. ఏ పెద్దాయన కట్టి విడిచిందో, ఉతికి ఉతికి పసిపిల్ల చెవిలా మెత్తబడింది. మంచం పట్టినవాళ్ల నడుం కింద వెయ్యడానికి ఇంతకంటే మంచి గుడ్డ ఉండదు. వారం వారం ఇలా చింపి, ఉతికి, మడతలు పెట్టి పట్టుకెళ్లడం బుల్లమ్మకి ఎనిమిదేళ్లుగా అలవాటు. మూడు రోజుల కిందట పనిలోకి రావొద్దని చెప్పినా ఆ అలవాటు మాత్రం ఆగలేదు.

సర్రుమని పంచె రెండయ్యింది. పక్కన పొయ్యి మీద గంజి కుతకుతలాడుతోంది. సంచిలో ఉన్న కాగితం సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాని వైపు చూడలేదు.

నీడతోట వృద్ధుల ఇంట్లో అసిరయ్యకి నడుం కింద పడక పుండు పడిందని గురువారం బయటపడింది. పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచం మీదే ఉన్న మనిషి. ఆ మూడేళ్లలో ఒంటి మీద ఎర్రమచ్చ కూడా లేనివాడు. రాత్రి ఆయా రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పుతుంది కాబట్టి లేదు. డాక్టరు చూసి, ఈయన్ని రాత్రిళ్లు ఎవరూ తిప్పడం లేదని చీటీ మీద రాసి వెళ్లాడు. మంచం తలవైపు వేలాడే పట్టీలో మాత్రం ప్రతి రాత్రికీ ఐదు గళ్లు, ఐదు టిక్కులూ ఉన్నాయి. రాత్రి డ్యూటీ బుల్లమ్మది. మేనేజరు డేవిడ్‌రాజు ఆమెని శుక్రవారం నుంచి ఇంట్లో ఉండమన్నాడు. ఇవాళ సోమవారం. పన్నెండింటికి ట్రస్టు పెద్దలు వస్తున్నారు. వాళ్లొచ్చేలోగా, 'నా అశ్రద్ధ వల్ల జరిగింది, పని నుంచి తప్పుకుంటున్నాను' అని టైపు చేసిన కాగితం మీద బుల్లమ్మ వేలిముద్ర తెమ్మని ఝాన్సీని పంపించాడు. ముద్దరేసే డబ్బీ కూడా ఆయనే సంచిలో పెట్టాడు.

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా?" అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ. "పద్నాలుగు మంచాలు. ఎవరో ఒకరు తప్పు చేశారని చెప్పకపోతే ఇల్లు మొత్తం తప్పు అంటారు. వాళ్లకి ఒక పేరు కావాలి. నువ్వు నాయకత్వం నేర్చుకుంటున్నావు కదా, ఇది కూడా అందులో భాగమే."

చెడ్డవాడు కాదు. ఆయాగా చేరిన ఝాన్సీని సూపర్వైజరు చేసింది ఆయనే. వృద్ధుల సేవలో ఉన్నవాళ్లకి ఎచ్చెర్లలో ఆరు నెలల నాయకత్వ శిక్షణ పెడుతున్నారని తెలిసి, ట్రస్టుతో పోట్లాడి ఆమె పేరు రాయించిందీ ఆయనే. నాలుగు నెలలుగా ప్రతి శనివారం ఝాన్సీ చీకటితో లేచి, రెండు బస్సులు మారి వెళ్లి, నర్సులూ మేనేజర్లూ ఉన్న హాల్లో చివరి కుర్చీలో కూర్చుని వస్తోంది. శిక్షణ అయ్యాక కొత్తగా కడుతున్న ఆడవాళ్ల వార్డు ఆమెకే అప్పజెబుతామన్నారు. ఈ కాగితం ఖాళీగా తిరిగి వెళ్తే ఆ వార్డూ ఉండదు, మిగిలిన రెండు నెలల శనివారాలూ ఉండవు. ఆ మాట డేవిడ్‌రాజు అనలేదు. అనక్కర్లేకపోయింది.

"ఆయనకెలాగున్నాది?" అంది బుల్లమ్మ రెండో పంచె తీస్తూ. మొగుడి పేరో, దేవుడి పేరో అయినట్టు అసిరయ్య పేరు పలకదు.

"పొద్దున్న నేనే కట్టు కట్టినాను. మానుతాది అత్తా. పైన పైనే ఉన్నాది."

"ఏటన్నాడు?"

"ఏటంతాడు. సూపర్వైజరమ్మ సెయ్యి రాయిలాగున్నాది, బుల్లమ్మ సెయ్యి దూదిలాగుంతాది అన్నాడు."

బుల్లమ్మ నవ్వబోయి ఆపుకుంది. అసిరయ్య ఇంకో మాట కూడా అన్నాడు. అది ఝాన్సీకి అర్థం కాలేదు. "ఆ మనిషినడగొద్దే. లైన్నడుగు. లైను పడుకున్నాది," అన్నాడు. ముప్పయ్యేళ్లు రైల్వేలో గ్యాంగుమేనుగా చేసినవాడు. నోరు వంకరపోయినప్పటి నుంచి మాట సగమే వస్తుంది. నిద్రలోనూ పట్టాలే కలవరిస్తాడు కాబట్టి ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

"తియ్యి మరి," అంది బుల్లమ్మ ఉన్నట్టుండి.

"ఏటి?"

"ఆ కాయితం. పంచె చింపడానికొచ్చినావేటి బస్సు సార్జీ ఎట్టుకుని."

ఝాన్సీ సంచి ముట్టుకోలేదు. రాత్రంతా ఆమె రెండు మాటలు సిద్ధం చేసుకుంది. ఒకటి 'అత్తా, ఎందుకు తిప్పలేదు'. రెండోది 'అత్తా, టిక్కులెందుకు అబద్ధం'. ఇక్కడికొచ్చి బుల్లమ్మ వేళ్ల గణుపులు చూశాక రెండూ నోటి దాకా రావడం లేదు. పద్మజ మేడం మాట గుర్తొచ్చింది. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో నర్సుల మీద అధికారిగా చేసిన మనిషి ఆవిడ. ఎచ్చెర్ల హాల్లో పాఠం చెబుతూ ఒకరోజు అంది: "ఎందుకు చేశావని అడిగితే ఎదుటి మనిషి తలుపేసుకుంటుంది. ఆ రోజు ఏం చేశావో మొదటి నుంచి చెప్పమని అడగండి. చెప్పనివ్వండి. మధ్యలో అడ్డుపడకండి. పేరు రాసేసిన చోట మన ఆలోచన ఆగిపోతుంది." ఆ వారం అందరినీ తమ చోట జరిగిన ఒక తప్పు రాసుకురమ్మంది, ఎవరి పేరూ లేకుండా. ఝాన్సీ ఖాళీ పేజీ తీసుకెళ్లింది. నీడతోటలో చెప్పుకోదగ్గ తప్పేమీ జరగలేదని అప్పట్లో నిజంగానే అనుకుంది.

"అత్తా, డ్యూటీకి నువ్వు గుమ్మంలోకొచ్చిన కాడ్నించి తెల్లారీదాకా ఏటేటి సేస్తావో సెప్పు. నేను అడ్డు రాను."

"పోలీసోల్లాగ అడుగుతన్నావు."

"నేదు. ఊరకే సెప్పు."

బుల్లమ్మ కాసేపు గుడ్డ అంచు సరి చేసుకుంది. తరవాత ఆమె చేతులతో పాటే మాటలూ నడిచాయి.

"ఏటున్నాది. వస్తాను. ఫోను ఆఫీసు సొరుగులో ఎట్టీస్తాను, సారు కొత్త రూలు కదా. ఆఫీసుకి తాలం ఏసీస్తారు. గోడ గడియారం ఆఫీసులోనే. ఉన్నా నాకేటి, ముల్లులు సూడ్డం రాదు. పద్నాలుగు మందికీ మందులిచ్చీసి, ఎవలిని దొడ్డికి తీసుకెల్లాలో తీసుకెల్లి, లైట్లాపీసి ఆయన మంచం కాడ కూకుంతాను. పాసింజరు పోతాది. ఆయన్ని ఎడమకి తిప్పీస్తాను. మరి రెండో బండి బొగ్గుబండి, బరువుది, కిటికీ అదురుతాది. అప్పుడు ఎల్లకిలా. తరవాత రాయగడ బండి. కుడికి. ఆ ఎనక ఖాలీ గూడ్సు, డబడబమంతాది. మళ్లీ ఎడమకి. తెల్లారగట్ల కూతేసుకుంటా ఒకటొస్తాది, దానికి లేపి మొకం తుడిసి…"

ఆమె ఆగింది.

"అయిదు బల్లు," అంది ఝాన్సీ మెల్లగా. "అయిదు గల్లు."

బుల్లమ్మ చెయ్యి చాచి పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"లైను పడుకున్నాదన్నాడు తాత." ఝాన్సీ పంచె వదిలేసింది. "అత్తా, బల్లు రావట్లేదా?"

"పదకొండు రాత్రులు," అంది బుల్లమ్మ. అంతవరకూ గట్టిగా ఉన్న గొంతు అక్కడ పలచబడింది. "కొత్త లైనేస్తన్నారంట. రాత్రి బల్లన్నీ ఆపీసినారు. ఒక రాత్రి ఒకటొస్తాది, ఒక రాత్రి అదీ నేదు. నేను కూకునే ఉంతాను. ఇంకా రానేదు, ఇంకా రానేదు అనుకుంటాను. బండి వొస్తేనే కదే నాకు మెలకువొస్తాది. బండే నన్ను లేపుతాది, నేను ఆయన్ని లేపుతాను. అది రాపోతే కూకున్నకాడే కల్లు మూతలడిపోతాయి. మెలకువొచ్చి సూద్దును కదా, కాకులరుస్తన్నాయి. ఆయన అలగే ఎల్లకిలా. నా వైపే సూస్తాడు. ఒక్క మాటనడు. తప్పు నాదేనే. నిద్దరోయినాను. ఎవలు కాదన్నారు?"

ఝాన్సీ ఇల్లు టౌను అవతలి వైపు. అక్కడికి రైలు చప్పుడు వినబడదు. పగటి డ్యూటీకి మారాక రాత్రి బండ్ల ఊసే ఆమె మరిచిపోయింది.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్పనేదా?" బుల్లమ్మ తలెత్తింది. మూడు రోజులుగా దాచుకున్న కోపం ఇప్పుడు కళ్లలోకి వచ్చింది. "రోజూ తెల్లారి పట్టీ తీసి ఏటడుగుతావు నువ్వు? 'అత్తా, తిప్పినావా' అంతావు. 'బండొచ్చినపుడల్లా తిప్పినాను' అంతాను. అబద్దమాడినానా? ఒక్క నాడైనా, ఎన్ని బల్లొచ్చినాయత్తా అని అడిగినావా? టకటకా అయిదు గీసీసి ఎలిపోతావు. రెండో సేత్తో ఫోను. మీ కలాసు పాటాలు సూసుకుంటా."

పొయ్యి మీద గంజి పొంగి నిప్పుల మీద పడింది. బుల్లమ్మ లేచి మూత తీసి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ కాస్త సేపట్లో ఝాన్సీకి పట్టీ కళ్లకి కట్టింది. టిక్కులన్నీ నీలం సిరావి. ఒకే వాలు, ఒకే పొడుగు. నీడతోటలో నీలం పెన్నుతో గీసేది ఒక్కరే. ఇన్ని రోజులూ ఆ టిక్కులు ఎవరి అబద్ధమా అని అందరితో పాటు తానూ ఆలోచించింది. తన చేతిరాత తనకే కనబడలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పద్మజ మేడం నేర్పిన పద్ధతికి ఆగడం రాదు. దాని ముందేం జరిగింది, దానికీ ముందేం జరిగింది అని వెనక్కి వెనక్కి పోతుంది.

"బల్లని బట్టి తిప్పడం ఎవలు…" అని మొదలుపెట్టింది ఝాన్సీ.

"అడక్కే."

"ఎవలు నేర్పినారత్తా నీకు?"

"అడక్కన్నాను కదేటి గుంటా!"

అడగాల్సిన పని లేకుండానే గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కిందట, ఝాన్సీకి ఇరవై మూడు. రాత్రి ఆయాగా నాలుగేళ్ల అనుభవం. బుల్లమ్మ కొత్తగా చేరి, గడియారం చూడ్డం రాదని భయపడి ఏడుస్తుంటే ఝాన్సీయే భుజం మీద చెయ్యేసి నవ్వింది. 'గడియారమెందుకత్తా, లైను పక్కనే ఉన్నాం. బొగ్గుబండి పోయిందా, ఎల్లకిలా. ఖాలీ గూడ్సు పోయిందా, ఎడమకి.' వారం రోజులు పక్కన కూర్చుని ఒక్కో బండి చప్పుడూ గుర్తుపట్టేలా నేర్పింది. తాను కనిపెట్టిన ఉపాయమది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయిందో కూడా గుర్తుంది. సూపర్వైజరయ్యాక ముళ్లు చూడ్డం నేర్పాలని గానీ, ఒక అలారం గడియారం కొని మంచం పక్కన పెట్టాలని గానీ తోచనే లేదు. పని జరుగుతోంది కాబట్టి తోచలేదు.

బుల్లమ్మకి ఇదంతా మొదటి రోజు నుంచీ తెలుసు. డేవిడ్‌రాజు నిలబెట్టి అడిగినప్పుడు ఒక్క మాట చెబితే చాలు, 'ఝాన్సీ నేర్పినాది' అని. చెప్పలేదు. మూడు రోజులు ఇంట్లో కూర్చుని గుడ్డలు చింపుకుంది.

ఝాన్సీ సంచి లాక్కుని శిక్షణ నోటు పుస్తకం తీసింది. సిద్ధం చేసుకోకుండానే మాటలొచ్చాయి. మోకాలి మీద పెట్టుకుని అర పేజీ రాసి, కింద సంతకం చేసి, కాగితం చింపింది. అదీ తిన్నగానే చిరిగింది.

"ఏటది?"

"నేను రాసింది."

"సదువు."

ఝాన్సీ చదివింది. రాత్రి బండ్లని బట్టి మనిషిని తిప్పమని నేర్పింది తానేనని. పదకొండు రాత్రులు బండ్లు రాలేదని. అడగకుండా టిక్కులు పెట్టింది తన పెన్నేనని. పద్నాలుగు మంచాలకి ఒక్క ఆయాని పెట్టి, ఆమె దగ్గర ఫోనూ గడియారమూ లేకుండా చేసినప్పుడు తాను నోరెత్తలేదని. అసిరయ్యకి క్షమాపణ తానే చెప్పుకుంటానని.

బుల్లమ్మ చివరిదాకా కదలకుండా వింది. విని, ఒళ్లో గుడ్డ పక్కన పెట్టింది.

"సించీ."

"సించను."

"ఒసే, ఎర్రిదానా! మా ఆయాల్లోంచి ఒక్క గుంట కుర్సీలో కూకున్నాది. ఒక్కర్తివి. నువ్వా హాల్లో పెద్దోల్ల పక్కన కూకున్నావని నేను బజారంతా సెప్పుకున్నాను, తెలుసునా? కొట్టుకెల్లి ఉప్పడిగినా నీ ఊసే సెప్తాను. నువ్వు దిగిపోతే మరి ఏ ఆయాని ఎక్కిస్తారు? ఆయాలకి ఇలాటివి ఒద్దు, అందుకే సెప్పినాం అంతారు. నా ఉద్యోగం పోతే ఏటి, పాసిపనైనా దొరుకుతాది."

"దానికోసం నీ ముద్దర తీసుకుని నేను కుర్చీలో కూకోవాలా? అలగైతే ఆ కుర్చీ నాకేం నేర్పినట్టు అత్తా?"

"కుర్సీ నేర్పదే. కూకుంటే తెలుస్తాది."

"రేపు నీ బదులు ఇంకో ఆయా వస్తాది. ఆవిడా లైను పక్కనే కూకుంతాది. ఆవిడకీ గడియారం ఉండదు. మళ్లీ ఇంకో తాతకి పుండు పడతాది. అప్పుడెవలి ముద్దర తేవాల నేను?"

బుల్లమ్మ పక్కన పెట్టిన గుడ్డ మళ్లీ అందుకుంది. ఓడిపోయినట్టు కనబడలేదు.

"బల్లు రానేదని నువ్వు రాస్తే ఆల్లు నమ్ముతారేటి?" అంది చివరికి, తనలో తను అనుకున్నట్టు. "నిద్దరోయిన ముసల్ది కలగన్నాది, దీన్ని కాయడానికి ఈ గుంట రాసినాది అంతారు. ఇద్దరమూ పోతాం."

అప్పుడే ఫోను మోగింది. డేవిడ్‌రాజు. ఇంట్లో మాట సరిగ్గా వినబడదు. ఝాన్సీ పెరట్లోకి వెళ్లి జామచెట్టు పక్కన నిలబడింది.

"ముద్ర పడిందా అమ్మా?"

"సార్, నేనొచ్చి మాట్లాడాలి. జరిగింది వేరు."

"జరిగింది తరవాత చూద్దాం. పెద్దలు గంట ముందే బయల్దేరారట." ఆయన గొంతులో కంగారు. "ఝాన్సీ, నిన్ను అక్కడికి పంపినందుకు నన్ను చిన్నబుచ్చకు. ముద్ర పడిందా, లేదా? అది చెప్పు."

రోజూ తెల్లారి తాను బుల్లమ్మని అడిగిన ప్రశ్నా ఇలాంటిదే. అవును, కాదు. తిప్పావా, లేదా. ఆయనకీ ఒక గళ్లో టిక్కు పెట్టుకోవాలని ఉంది. పాపం, ఆయన్నీ పై నుంచి ఎవరో అలాగే అడుగుతూ ఉంటారు.

"పడలేదు సార్," అంది. "నేను వెయ్యనివ్వను."

ఆయన అవతల ఫోను పెట్టేశాడు.

ఝాన్సీ లోపలికి తిరిగొచ్చేసరికి బుల్లమ్మ నిలబడి ఉంది. గంజి దించేసింది. చింపిన గుడ్డలన్నీ నాలుగు మడతలు పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి, సంచి పక్కన పెట్టింది. వాటికి ముందు, చాప మీద టైపు కాగితం పరిచి ఉంది. అడుగున ఊదారంగులో బొటనవేలి ముద్ర. ఇంకా తడి ఆరలేదు. ముద్దర డబ్బీ మూత తీసే ఉంది. తెల్ల గుడ్డల మీద మాత్రం ఒక్క మరకా లేదు. వేలు తన చీర చెంగుకే తుడుచుకున్నట్టుంది.

"అత్తా! ఏటి సేసినావు?"

బుల్లమ్మ చేతిలో ఝాన్సీ రాసిన అర పేజీ ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది, గుడ్డల్ని పెట్టినంత శ్రద్ధగానే. ఝాన్సీ పొయ్యి వైపు చూసింది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. రెండడుగులు వేస్తే ఆ కాగితం బూడిదైపోతుంది. బుల్లమ్మ ఆ వైపు వెళ్లలేదు. కాగితాన్ని బొడ్లో దోపుకుంది. గూట్లోంచి ఇంటి తాళంచెవి తీసి, ఝాన్సీ లోపలే ఉందని మళ్లీ పెట్టేసింది. గుమ్మం దగ్గర వంగి, చెప్పులు వేసుకుంది.

"అత్తా, ఆ కాయితం ఇలా ఇచ్చీ. ఎక్కడికి?"

వాకిలి దాటింది. నీడతోటకి వెళ్లాలంటే సందు చివర ఎడమకి తిరగాలి. బుల్లమ్మ చెంగు నడుముకి బిగించుకుని, కుడి వైపు, స్టేషను రోడ్డు మీదికి తిరిగింది. ఏ రాత్రి ఏ బండి వచ్చిందో, ఏది రాలేదో రాసి ఉండేది అక్కడే. తన ఇంట్లో ఝాన్సీని, ఆరని వేలిముద్రని వదిలేసి వెళ్లిపోయింది.